అక్కర్లేదుకూ వద్దుకూ మధ్య

యర్రమ్మ కంటికి తప్పు కనబడిందంటే దాన్ని దిద్దేదాకా ఆమె మనసు మనసులో ఉండదు. పోర్ట్ బ్లెయిర్‌లో బస్సుల మీదా, దుకాణాల బోర్డుల మీదా, ఆస్పత్రి గోడల మీదా ఇంగ్లీషులో ఏం రాసున్నా, చేపలో ముళ్లు ఏరినట్టు ఆమె కళ్లు తప్పులు ఏరుతుండేవి. ఇక్కడ 'ది' ఎక్కువైంది, అక్కడ 'ఎస్' తక్కువైంది అని పక్కనున్నవాళ్లతో అనకుండా ఉండలేకపోయేది. వాళ్లకు అర్థమైనా కాకపోయినా సరే.

ఆమె పుట్టింది దీవిలోనే. తండ్రి భీమిలి దగ్గర పల్లె నుంచి ఓడెక్కి వచ్చి, ఈ రేవులో వల వేసుకుని స్థిరపడ్డాడు. ఆమెకు పట్టుమని పదేళ్లయినా రాకముందే జ్వరం తగిలి పోయాడు. తల్లి అంతకుముందే పోయింది. తండ్రి తమ్ముడు అప్పలకొండ, అతని భార్య సీతాలు ఆమెను తమ గుడిసెలోకి తెచ్చుకున్నారు. వాళ్లకు పిల్లలు లేరు. అప్పలకొండ తెల్లారగట్ల సముద్రం మీదికి వెళ్లేవాడు, సీతాలు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. అలాగే యర్రమ్మను బీఏ చదివించారు. తెలుగు కూడబలుక్కుని చదివే ఆ పిల్లకు ఇంగ్లీషు మాత్రం నీళ్లలా వచ్చేసింది. ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండడం ఎందుకని డాలీగంజ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, గుమాస్తా పరీక్షలకు వెళ్లే కుర్రాళ్లకు ఇంగ్లీషు చెప్పేది. వాక్యం ఇచ్చి అందులో తప్పు పట్టుకోమనే ప్రశ్నలంటే అందరికీ హడలు. అవి చెప్పడంలో యర్రమ్మ దీదీ తర్వాతే ఎవరైనా అని గరాచర్మ నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు.

రేవులో ఒక చిన్న ఆఫీసు ఉండేది. రేకుల కప్పు, ఒక కిటికీ, ఒక ఫోను. తుఫాను కబురు పెద్ద ఆఫీసు నుంచి ఫోనులో వస్తే, గుమాస్తా దాన్ని నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి బయట తగిలించేవాడు. పెద్ద ఓడల రేవులో ఎగరేసే హెచ్చరిక గుర్తులు ఈ రేవుకు కనబడవు. మధ్యలో కొండ అడ్డం. అందుకని జాలర్లందరికీ ఆ నల్లబల్లే దిక్కు.

ఆ యేడు వానాకాలం మొదట్లో కొత్త గుమాస్తా వచ్చాడు. పేరు హాల్దార్. రంగత్ దగ్గర బెంగాలీ వాళ్ల ఊరు. పెళ్లాం పిల్లల్ని అక్కడే వదిలి ఒక్కడూ వచ్చి ఆఫీసు వెనక గదిలో వండుకు తినేవాడు. బక్కపలచని మనిషి, నోరు మాత్రం పెద్దది. మొదట్లో బల్ల మీద రాసింది చాలక కిటికీలోంచి సగం బయటికి వంగి, "అరే సునో! కల్ కోయీ బాహర్ నహీ జాయేగా!" అని, రేపెవరూ బయటికి వెళ్లొద్దని రేవంతా వినబడేలా హిందీలో అరిచేవాడు. ఆ అరుపు వింటే చాలు, ఎవరూ డింగీ పడవ తాడు విప్పేవాళ్లు కాదు.

ఒకరోజు అతను బల్ల మీద 'ఆల్ బోట్స్ షుడ్ రిటర్న్ బ్యాక్' అని రాశాడు. బస్సు కోసం నిలబడ్డ యర్రమ్మ దాన్ని చూసింది. సంచిలో సుద్దముక్క ఎలాగూ ఉంటుంది. వెళ్లి 'బ్యాక్' అన్న మాట చేత్తో తుడిచేసింది. రిటర్న్ అంటేనే తిరిగి రావడం, మళ్లీ బ్యాక్ ఎందుకు అని చుట్టూ ఉన్న కుర్రాళ్లకు విడమరిచి చెప్పింది. వాళ్లు ఘొల్లుమన్నారు. కిటికీలో ఉన్న హాల్దార్ కూడా నవ్వబోయి, ఆ నవ్వులు తనమీదేనని తెలిసి ఆగిపోయాడు. మర్నాటి నుంచీ అతని పేరు 'రిటర్న్‌బ్యాక్ బాబు' అయిపోయింది. ఆ తర్వాత కూడా యర్రమ్మ దిద్దుతూనే వచ్చింది. దిద్దినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతూనే వచ్చారు. హాల్దార్ వాక్యాలు చిన్నవైపోయాయి. తర్వాత అరవడం మానేశాడు. బల్ల తగిలించి, లోపలికి వెళ్లి, కిటికీ రెక్క వేసుకునేవాడు.

కిటికీ మూసుకోవడం యర్రమ్మ గమనించకపోలేదు. ఒళ్లు మండి అలా చేస్తున్నాడని అనుకుంది, అంతే.

నవంబరులో రెండు రోజులు ముసురు పట్టి వదిలింది. మూడోనాడు పొద్దున ఆకాశం కడిగినట్టుంది. గాలి బొత్తిగా లేదు. సముద్రం మీద నూనె పోసినట్టు నున్నటి మెరుపు. అయినా ఒడ్డున ఆగి చూస్తే, ఎక్కడో దూరం నుంచి బద్ధకంగా ఒక్కో ఉబ్బు వచ్చి, ఏ చప్పుడూ లేకుండా డింగీలన్నిటినీ పైకెత్తి దించుతోంది. కాకులు రేవు మీద వాలకుండా కొండవైపు వెళ్లిపోతున్నాయి.

అప్పలకొండ ఒడ్డున గొంతుక్కూచుని బీడీ వెలిగించకుండా నోట్లో పెట్టుకుని ఆ ఉబ్బుల్నే చూస్తున్నాడు. ముందురోజు ముసురు కాస్త తెరిపిచ్చినప్పుడు వెళ్లి, దూరంగా ఉన్న చిన్న దీవి పక్కన వల వేసి వచ్చాడు. వల ఇంకా నీళ్లలోనే ఉంది.

యర్రమ్మ బస్సుకు బయల్దేరుతూ నల్లబల్ల దగ్గర ఆగింది. 'బోట్స్ నీడ్ నాట్ టు గో అవుట్‌సైడ్ టిల్ సాటర్‌డే' అని ఉంది. చూడగానే ఆమె పెదాల మీద చిరునవ్వు వచ్చింది. నిన్ననే క్లాసులో చెప్పిన తప్పు. 'నీడ్ నాట్' తర్వాత 'టు' రాకూడదు. వేలితో 'టు' తుడిచేసి, మిగిలిన ఖాళీ కనబడకుండా 'గో'ను దగ్గరికి జరిపి రాసింది. ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంది. ఇప్పుడు వాక్యం ఏ వంకా లేకుండా ఉంది.

"ఓలమ్మీ, ఏటి రాసినాడే ఆ బాబు?" అని వెనక నుంచి అప్పలకొండ అడిగాడు.

"శనివారం దాకా పడవలు బయటికి వెళ్లక్కర్లేదంట చిన్నాన్నా."

అప్పలకొండ బీడీ చేతిలోకి తీసుకున్నాడు. "ఎల్లకూడదనా, ఎల్లక్కర్లేదనా?"

"రాసిందైతే అక్కర్లేదనే. నీడ్ నాట్ అంటే అంతే."

"పక్కానా?"

"పక్కా."

అప్పలకొండ మళ్లీ సముద్రం వైపు చూశాడు. "అక్కర లేనోల్లు మానేత్తారు. నాకు అక్కరుంది. వల నీట్లోనే ఉండిపోనాది. సేపలు కుల్లిపోతే వలంతా పాడైపోద్ది."

"హాల్దార్ బాబుని ఓసారి అడగరాదా?"

"నువ్వుండగా ఆడేటి సెప్తాడు?" అన్నాడు అప్పలకొండ. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో గర్వం కనబడింది.

యర్రమ్మ మూసి ఉన్న కిటికీ వైపు చూసింది. వెళ్లి తట్టవచ్చు. ఆ మనిషి రెక్క తీస్తాడు, బల్ల మీద చెరిపిన చోటు చూస్తాడు, మొహం గంటు పెట్టుకుంటాడు. ఈలోగా మలుపులో బస్సు హారను వినబడింది. ఆమె పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం డాలీగంజ్‌లో క్లాసు మామూలుగానే మొదలైంది. గదిలో ఫ్యాను తిరుగుతున్నా చెమట ఆగడం లేదు. యర్రమ్మ నమూనా ప్రశ్నల పుస్తకంలోంచి ఒక్కో వాక్యం బోర్డు మీద రాసి, తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పమంటోంది.

'యూ నీడ్ నాట్ టచ్ దట్ వైర్, ఇట్ విల్ కిల్ యూ' అని రాసింది.

కుర్రాళ్లు వాక్యాన్ని ముక్కముక్కగా గొణుక్కున్నారు. గరాచర్మ నుంచి వచ్చే దానయ్య చెయ్యెత్తాడు. "నో ఎర్రర్ దీదీ. నీడ్ నాట్ తర్వాత టు లేదు. సరిగ్గానే ఉంది."

"ఇంకెవరైనా?"

అందరూ నో ఎర్రర్ అనే అన్నారు.

"అదే మరి. వ్యాకరణం చూస్తే తప్పు లేదు," అంది యర్రమ్మ. ఇలాంటి చోటే ఆమెకు ఉత్సాహం. "కానీ మాట తప్పు. ఆ తీగ ముట్టుకుంటే చచ్చిపోతావని చెబుతున్నాం. అలాంటప్పుడు ముట్టుకోనక్కర్లేదు అంటామా? ముట్టుకోవద్దు అంటాం. మస్ట్ నాట్ రావాలి. చాలామంది వద్దు అనబోయి నీడ్ నాట్ అని..."

అక్కడ ఆగిపోయింది. చేతిలో సుద్దముక్క బోర్డు మీద ఆనించి అలాగే నిలబడింది.

"ఏమైంది దీదీ?"

ఆమె సుద్దముక్క వదిలేసింది. కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. పొద్దున కడిగినట్టున్న ఆకాశం ఇప్పుడు తూర్పున రాగి రంగు తిరిగింది. ఎదురింటి కొబ్బరిచెట్లు కదలడం లేదు. వీధిలో కుక్కలు ఎక్కడివక్కడ మాయమయ్యాయి. సంచి కూడా తీసుకోకుండా ఆమె మెట్లు దిగింది.

బస్సు కోసం నిలబడితే ఒక్కటీ రాలేదు. ఇటుకల లారీ ఒకటి వస్తుంటే రోడ్డుకు అడ్డం నిలబడి ఆపింది. డ్రైవరు తిట్టబోయి ఆమె మొహం చూసి తలుపు తీశాడు. సగం దారిలో మొదటి గాలి వచ్చింది. లారీ మీది పరదా పటపటా కొట్టుకుని, ఒక కొస తెగి ఎగిరిపోయింది.

రేవులో డింగీలు చాలామటుకు ఒడ్డునే ఉన్నాయి. అక్కర లేనివాళ్లందరూ నిజంగానే మానేశారు. అప్పలకొండ డింగీ ఉండే చోట మాత్రం తాడు ఒక్కటే ఉంది. ఆఫీసు కిటికీని ఆమె రెండు చేతులతో బాదింది.

హాల్దార్ రెక్క తీశాడు. ముందు బల్ల వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు చూశాడు. "అబ్ క్యా గల్తీ హై?" అని, మళ్లీ ఏం తప్పు పట్టడానికొచ్చావన్నట్టు అడిగాడు.

"ఫోనులో ఏం చెప్పారు? ఇంగ్లీషు వద్దు. వాళ్లు ఏం చెప్పారో చెప్పు భయ్యా," అని హిందీలో అడిగింది.

ఆమె తనను భయ్యా అని ఎన్నడూ పిలవలేదు. హాల్దార్ మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "తూఫాన్ హై. బడా తూఫాన్. కోయీ నహీ జానా, బోలా."

"వద్దన్నారా?"

"హా, మనా కియా. వహీ తో లిఖా." అదే కదా రాశానంటూ అతను వేలితో బల్లను చూపించాడు. "నీడ్ నాట్."

యర్రమ్మ బల్ల మీది మాటను మరోసారి చదివింది. గోడ పట్టుకుంది. "మరి అరవలేదేం? ఎప్పుడూ అరిచేవాడివిగా?"

హాల్దార్ తలదించుకున్నాడు. "హస్తే హై సబ్ లోగ్," అని, అందరూ నవ్వుతున్నారని మెల్లగా చెప్పాడు. తర్వాత ఒక్కసారిగా ఉలిక్కిపడి, "కౌన్ గయా? ఎవరెల్లారు?" అని తనకొచ్చిన రెండు తెలుగు ముక్కల్లో అడిగాడు.

ఆమె చెప్పింది. అతను చెప్పులైనా వేసుకోకుండా బయటికి వచ్చాడు. ఇద్దరూ ఒడ్డు వెంబడి సర్కారు లాంచీ ఉండే చోటికి పరుగెత్తారు. లాంచీ నడిపే సరంగు అప్పటికే అదనపు తాళ్లు కట్టిస్తున్నాడు. హాల్దార్ అతని చెయ్యి పట్టుకుని బతిమాలాడు. సరంగు చెయ్యి చాపి, రేవు సముద్రంలో కలిసే మొగ వైపు చూపించాడు. అక్కడ రెండు కొండకొమ్ముల మధ్య, ఎప్పుడూ నీలంగా ఉండే నీళ్ల బదులు, తెల్లటి గోడ లేచి పడుతోంది. లేచి పడుతున్న చప్పుడు ఆలస్యంగా వచ్చి చెవులకు తగులుతోంది.

ఆ గోడలోంచి ఒక డింగీ బయటపడింది. ఒడ్డున ఆడవాళ్ల కేకలు లేచాయి. సీతాలు తట్ట పారేసి నడుంలోతు నీళ్లలోకి దిగింది. కానీ అది పక్క గుడిసె పెద్దబ్బాయి డింగీ. అతను ఒడ్డుకు తగిలీ తగలకముందే వాంతి చేసుకున్నాడు.

"అప్పలకొండ మామ ముందెల్లిపోనాడు," అన్నాడు తెరిపిన పడ్డాక. "సగం దారిలోనే నాను తిప్పీసేను. కేకేసేను కూడా. ఇంజను సప్పుడులో ఇనబల్లేదు. వల దగ్గిరికెల్లిపోనాడు. రాముడు కూడా ఉన్నాడు."

రాముడు సీతాలు తమ్ముడు. పెళ్లి కావలసిన వాడు. సీతాలు ఆ రెండు పేర్లూ విని యర్రమ్మ వైపు తిరిగింది.

"బల్ల నువ్వు సూసేవు కదే? ఏటి రాసుంది?"

చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆమెనే చూశారు. వాన అడ్డంగా కొట్టడం మొదలుపెట్టింది. యర్రమ్మ నోరు తెరిచింది. చెప్పడానికి రెండు మాటలు చాలు.  ఆమె అనేలోగా హాల్దార్ ముందుకొచ్చి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "మై గలత్ లిఖా దీదీ. మై," అని తప్పు తనమీద వేసుకున్నాడు.

"కాదు," అంది యర్రమ్మ అప్పుడు. "నేను సరిగ్గా చదవలేదు పిన్నీ. వద్దనే చెప్పారు."

సీతాలు తిట్టలేదు, కొట్టలేదు. మళ్లీ సముద్రం వైపు తిరిగి నిలబడింది. గాలికి నిలబడలేక ఆడవాళ్లందరూ ఆమెను లాక్కుపోయేదాకా అలాగే నిలబడింది.

తుఫాను వెలిసిన మర్నాడు రాముడు దొరికాడు. దక్షిణాన మడ అడవుల్లో ఒక కాలువ మొగ దగ్గర, చెట్ల వేళ్లకు చిక్కుకుని ఉన్నాడు. నడుముకు తాడు, తాడు కొసన ఖాళీ డీజిలు డబ్బా. ఒళ్లంతా పగడపు రాళ్లకు చీరుకుపోయింది. కట్టెలు కొట్టుకునేవాళ్లు చూసి మోసుకొచ్చారు. మాట వచ్చాక చెప్పాడు. వల సగం లాగేసరికి ఇంజనులోకి నీళ్లు వచ్చాయి. పట్టుకుని తేలడానికి డబ్బా ఒక్కటే ఉంది. బావ దాన్ని రాముడి నడుముకే కట్టేశాడు. అప్పలకొండ మాత్రం దొరకలేదు.

"ఎనక్కి తిరుగుదుం బావా అన్నాను నాను, మొగ దాటగానే," అని రాముడు కప్పు వైపు చూస్తూ అన్నాడు. "ఒద్దన్లేదు కదరా, అక్కర్లేదన్నారు, అంతే కదా అన్నాడు. మా యర్రమ్మ సదివింది అన్నాడు."

మంచం పక్కన నిలబడ్డ యర్రమ్మ ఆ మాట విని బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె లోపలికి వస్తే రాముడు గోడవైపు తిరిగి పడుకునేవాడు.

కొన్నాళ్లకు పెద్ద ఆఫీసు నుంచి ఒక అధికారి విచారణకు వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. నల్లబల్లను ఆ సాయంత్రమే ఆఫీసులో పెట్టి చెరపకుండా ఉంచడంతో రాత అలాగే ఉంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని దాన్ని పైకి చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు చదివాడు.

"ఇందులో తప్పేముంది? వాక్యం సరిగ్గా ఉంది," అన్నాడు హిందీలో.

"తప్పుంది సార్," అంది యర్రమ్మ.

"ఎక్కడ?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వచ్చిన కబురు ఒకటి, రాసిన మాట ఇంకొకటి అంది. తను 'టు' తుడిచినట్టు చెప్పింది. ముందు ఉన్నదాన్ని అలాగే వదిలేస్తే, ఇదేదో తేడాగా ఉందని ఎవరైనా వచ్చి కిటికీ తట్టేవారేమో అంది. తను దిద్దాక అనుమానం రావడానికి చోటు లేకుండా పోయింది అంది. తరగతిలో చెప్పేటప్పుడు గలగలా వచ్చే మాటలు ఇప్పుడు ఒక్కొక్కటీ లాగితే గాని రాలేదు. అధికారి ఓపిగ్గా విన్నాడు.

"చూడమ్మా, శనివారం దాకా బయటికి వెళ్లనక్కర్లేదని ఆఫీసు స్పష్టంగా రాసింది. మంచి ఇంగ్లీషులో రాసింది. అతను తన ఇష్టంతో వెళ్లాడు. ఆఫీసు వైపు నుంచి లోపం లేదు." ఆయన కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. "మీరు దిద్దడం వల్ల మాకు మంచే జరిగింది."

హాల్దార్ ఏదో అనబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపాడు. నెల తిరక్కుండానే హాల్దార్‌ను వాళ్ల ఊరి వైపు బదిలీ చేశారు. రంగత్ వెళ్లే పడవ ఎక్కే ముందు అతను సీతాలు గుడిసె ముందు కాసేపు నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. యర్రమ్మ వచ్చేసరికి వెళ్లిపోయాడు.

ఆమె డాలీగంజ్ గది ఖాళీ చేసింది. పరీక్ష దగ్గర పడిందని దానయ్య, మిగతా కుర్రాళ్లు రేవు దాకా వచ్చి బతిమాలారు. వాళ్లు తెచ్చిన ప్రశ్నల కాగితం చేతికి తీసుకుంటే మొదటి వాక్యం దగ్గరే ఆమె కళ్లు ఆగిపోయాయి. ఎన్నిసార్లు చదివినా అది తప్పో ఒప్పో తేల్చుకోలేకపోయింది. కాగితం వెనక్కి ఇచ్చేసి, పిన్నితో పాటు చేపల తట్ట ఎత్తుకుంది.

సీతాలు మాత్రం బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. కులంపెద్దలు వచ్చి కర్మ చేసెయ్యమన్నారు. మనిషి కనబడకుండా ఏటి సేత్తారు అని అడిగింది. ప్రతి ఆదివారం తెల్లారేసరికి లేచి, రాముడు దొరికిన కాలువ మొగ వైపు బయల్దేరేది. రాముడికి నడక రాలేదు ఇంకా. యర్రమ్మ వెంట వెళ్లేది. దారిలో సీతాలు మాట్లాడేది కాదు. యర్రమ్మ ఏమైనా అడిగినా విననట్టే ఉండేది. కానీ ఆమె రాకపోతే గుమ్మంలో నిలబడి ఉండేది.

ఒక ఆదివారం వాళ్లు వెళ్లేసరికి నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. మడచెట్ల వేళ్లు బురదలో గోళ్లలా తేలి, అంతటా కుళ్లు వాసన. ఇటీవల ఆ కాలువలో మొసలి కనబడిందని కట్టెలవాళ్లు అటు రావడం మానేశారు. ఒడ్డున బురదలో ఏదో బరువైనది ఈడ్చుకుపోయిన జాడ ఉంది. అది పాతదో కొత్తదో తెలియడం లేదు.

సీతాలు చీర మోకాళ్ల పైకి దోపుకుని వేళ్ల మధ్య నుంచి లోపలికి నడిచింది. ప్రతి పొద కిందా వంగి చూసుకుంటూ పోయింది. ఎండ ఏటవాలైంది. వచ్చేటప్పుడు పాదాలు మునిగిన చోట ఇప్పుడు పిక్కలదాకా నీళ్లు వచ్చాయని యర్రమ్మ చూసింది.

"పిన్నీ, పోటు వస్తోంది. వెనక్కి వచ్చెయ్."

సీతాలు వినిపించుకోలేదు. మరో పొద దగ్గరికి వెళ్లింది. నీళ్లు గోధుమరంగులో, చప్పుడు లేకుండా, వేళ్ల సందుల్లోంచి మెల్లగా పెరుగుతున్నాయి. ఎక్కడో లోపల బరువుగా ఒక చప్పుడు అయి ఆగిపోయింది.

"పిన్నీ!"

అరిచిన గొంతు చెట్లలో తిరిగి ఎటో పోయింది. సీతాలు చీర ముందు చెట్ల నీడలో కాసేపు కనబడి, తర్వాత కనబడలేదు. యర్రమ్మ ఒడ్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత ఇంకా లోతు నీళ్లలోకి దిగి, పిన్ని వెళ్లిన వైపే నడిచింది.